సికిల్ సెల్: పుస్తకంలో ప్లీహం ఎండిపోతుంది, మన ఏజెన్సీ రోగుల్లో బల్ల (ఉబ్బిన ప్లీహం) చేతికి తగులుతుంది. ఎందుకు?

పాథాలజీ_రెండో_ఏడు అడిగారు:

నమస్కారమండీ. ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ అనే జన్యు వ్యాధిలో కణజాలం మార్పుల గురించి మూడు సందేహాలు.

1. ఐదేళ్లు నిండేసరికి ప్లీహం పీచుముద్దగా మారి కుంచించుకుపోతుందని పుస్తకాల్లో ఉంటుంది. మన ఏజెన్సీ మండలాల రోగుల్లో ఇరవై ఏళ్లు దాటినా బల్ల పెద్దగానే ఉంటోంది. మ్యుటేషన్ (జన్యు మార్పు) ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎక్కడ నుంచి వస్తోంది?

2. ప్లీహం పరీక్షకు వస్తే సెక్షన్‌లో ఏమేం వెతకాలి? ఏ స్టెయిన్లు (రంగులు) వెయ్యాలి?

3. వాహకులకు (సికిల్ జన్యువు ఒక్కటే ఉన్నవాళ్లకు) మామూలుగా రక్తహీనత కూడా ఉండదు కదా, వాళ్ల మూత్రపిండం ఎందుకు దెబ్బతింటుంది?

ఎర్రకణం రాశారు:

మొదటిదానికి చెబుతాను. మ్యుటేషన్ ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంటుంది. దెబ్బ ఎక్కడ పడాలన్నది మాత్రం రక్తం ఏ చోట ఎంతసేపు నిలుస్తోంది, అక్కడ ఆక్సిజన్, ఆమ్లం, ఉప్పు ఎంతెంత ఉన్నాయి అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇది పట్టుకుంటే మీ మూడు ప్రశ్నలూ ఒకటే అయిపోతాయి.

11వ క్రోమోజోమ్ మీది బీటా గ్లోబిన్ జన్యువులో జీఏజీ అన్న సంకేతం జీటీజీ అవుతుంది. దాంతో గొలుసులో ఆరో చోట గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ వస్తుంది. వాలీన్‌కు నీరు గిట్టదు. హిమోగ్లోబిన్ ఆక్సిజన్ వదలగానే, పక్క అణువు మీద 85వ ఫినైల్ అలనిన్, 88వ ల్యూసిన్ ఉన్న గుంటలోకి ఈ వాలీన్ దూరి కూర్చుంటుంది. అలా అణువుకు అణువు తగులుకుని 14 పేటల తాడు పేనుకుంటుంది. కణాన్ని కొడవలిలా సాగదీసేది ఆ తాళ్ల కట్టే.

ఈ పేనడం ఆక్సిజన్ తగ్గిన క్షణంలోనే మొదలవదు, కొంత వ్యవధి పడుతుంది. ఆ వ్యవధి కణం లోపలి హిమోగ్లోబిన్ గాఢతకు విలోమంగా, సుమారు 15 నుంచి 30వ ఘాతంలో మారుతుంది. గాఢత కొద్దిగా పెరిగితే చాలు, వ్యవధి ఎన్నో రెట్లు పడిపోతుంది. కేశనాళికను దాటడానికి కణానికి ఒక సెకను అటూ ఇటూ పడుతుంది. తాడు పేనుకునేలోపు దాటేస్తే ఊపిరితిత్తులకు చేరి బతికిపోతుంది. ప్లీహంలో ఆ అవకాశం తక్కువ. అక్కడి ఎర్రగుజ్జులో (రక్తాన్ని వడపోసే భాగంలో) రక్తం నాళం వదిలి బయటికి వచ్చి, మళ్లీ 1, 2 మైక్రాన్ల సందుల గుండా సైనస్‌లోకి దూరాలి. ఏడెనిమిది మైక్రాన్ల మామూలు కణం మెత్తగా నలిగి దూరిపోతుంది. తాళ్లతో బిగిసిన కణం అక్కడే ఇరుక్కుంటుంది. దాని వెనక వచ్చినవి ఆగుతాయి, ఆగినచోట ఆక్సిజన్ ఇంకా తగ్గుతుంది, అవీ బిగుసుకుంటాయి.

ఇక మన రోగుల సంగతి. ఇక్కడ ఎక్కువగా కనిపించేది అరబ్-ఇండియన్ హాప్లోటైప్, అంటే సికిల్ జన్యువుతో పాటు కలిసి వారసత్వంగా వచ్చే మార్పుల గుంపు. దీనితో పాటు గామా జన్యువు ముందు 158వ చోట ఒక మార్పు వస్తుంది. దానివల్ల పెద్దయ్యాక కూడా పిండ హిమోగ్లోబిన్, అంటే హెచ్‌బీఎఫ్, ఎక్కువగా ఉండిపోతుంది. తరచూ 15 నుంచి 25 శాతం దాకా చూస్తాం. గామా గొలుసు తాడులో చేరదు కాబట్టి పేనడం నెమ్మదిస్తుంది. అందుకే ఇక్కడ ప్లీహం త్వరగా చచ్చిపోదు, ఏళ్ల తరబడి రక్తంతో ఉబ్బి ఉంటుంది.

రెండో కారణం ఆల్ఫా తలసీమియా, అంటే హిమోగ్లోబిన్‌లోని ఆల్ఫా గొలుసులు తక్కువగా తయారయ్యే జన్యు లోపం. మన గిరిజనుల్లో, ముఖ్యంగా కోయదొరల్లో ఇది చాలా ఎక్కువ. ఆల్ఫా గొలుసులు తగ్గితే కణంలో హిమోగ్లోబిన్ గాఢత తగ్గుతుంది, వ్యవధి పెరుగుతుంది. హెచ్‌బీ కోయదొర అన్న పేరుతోనే ఒక ఆల్ఫా మార్పు ఉంది. అందులో గొలుసు ముగియాల్సిన సంకేతం సెరీన్ సంకేతంగా మారి, గొలుసు అదనంగా 31 అమైనో ఆమ్లాలు సాగుతుంది. మన కొండల జనం పేరు ప్రపంచ హిమోగ్లోబిన్ పట్టికలో ఉందని చాలామందికి తెలియదు.

బెంచ్_టెక్నీషియన్ రాశారు:

పై జవాబు బాగుంది, కానీ దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: అది నిజంగా ఎస్ఎస్‌యేనా, అంటే సికిల్ జన్యువు తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చిందా? సికిల్-బీటా తలసీమియాలో (ఒకరి నుంచి సికిల్, ఇంకొకరి నుంచి బీటా తలసీమియా జన్యువు వచ్చినప్పుడు) కూడా పెద్దవయసు దాకా బల్ల ఉంటుంది. సాల్యుబిలిటీ టెస్ట్‌లో ట్యూబు వెనక గీతలు కనపడకపోతే హెచ్‌బీఎస్ (సికిల్ హిమోగ్లోబిన్) ఉందని మాత్రమే అర్థం. వాహకుడైనా, రోగి అయినా, సికిల్-బీటా అయినా అదే ఫలితం వస్తుంది. ఆరు నెలల లోపు పిల్లల్లోనూ, హిమోగ్లోబిన్ 7 గ్రాముల కంటే తక్కువ ఉన్నప్పుడూ ఉన్నది లేనట్టు చూపించవచ్చు. రక్తం అంత పలచగా ఉంటే శాంపిల్ రెట్టింపు తీసుకోవాలి. ప్లాస్మా కొవ్వుతో పాలలా ఉంటే లేనిది ఉన్నట్టు చూపిస్తుంది.

హెచ్‌పీఎల్‌సీలో (హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే యంత్రంలో) ఏ2 రకం హిమోగ్లోబిన్ అంకె చూసి సికిల్-బీటా అని రాసేయకండి. హెచ్‌బీఎస్ ఉన్నప్పుడు దాని మార్పు చెందిన రూపాలు ఏ2 కిటికీలో పడి అంకెను పెంచేస్తాయి. ఎంసీవీ (ఎర్రకణం సగటు పరిమాణం) చూడండి, తల్లిదండ్రుల శాంపిళ్లు వెయ్యండి. గత మూడు నెలల్లో రక్తం ఎక్కించి ఉంటే ఆ గ్రాఫ్‌ను నమ్మి ఏమీ రాయకూడదు.

మైక్రోటోమ్ రాశారు:

రెండో ప్రశ్నకు. తొలిదశలో ఎర్రగుజ్జు కిక్కిరిసి ఉంటుంది, తెల్లగుజ్జు (రోగనిరోధక కణాల భాగం) ఉండల చుట్టూ రక్తం చిమ్మి ఉంటుంది. ఆ ఉండల అంచునే మార్జినల్ జోన్ ఉంది. న్యుమోకాకస్ లాంటి పైపొర ఉన్న బ్యాక్టీరియా మీద పోరాడే బీ కణాల ఇల్లు అదే. అది చెదిరిపోవడం వల్లనే చిన్నపిల్లలకు పెన్సిలిన్ ఇస్తారు: మూడేళ్ల లోపు రోజుకు రెండుసార్లు 125 మి.గ్రా., ఆ తర్వాత ఐదేళ్ల దాకా 250 మి.గ్రా.

తర్వాతి దశలో రక్తం అందక చచ్చిన మచ్చలు, వాటి చోట పీచు వస్తాయి. చివరికి గామ్నా-గాండీ ముద్దలు: పీచు మీద ఇనుము, కాల్షియం పేరుకుని గోధుమ, ఊదా రంగుల్లో కనిపిస్తాయి. ఇవి పోర్టల్ రక్తపోటులో (కాలేయానికి వెళ్లే సిరలో ఒత్తిడి పెరిగినప్పుడు) కూడా వస్తాయి కాబట్టి ఇవొక్కటే చూసి సికిల్ అనకండి. పీచుకు మాసన్ ట్రైక్రోమ్, కాల్షియంకు వాన్ కోసా, ఇనుముకు పెర్ల్స్ వెయ్యండి. పెర్ల్స్‌కు 2 శాతం పొటాషియం ఫెర్రోసయనైడ్, 2 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం సమపాళ్లలో, వాడే ముందే కలిపి 20 నుంచి 30 నిమిషాలు ఉంచాలి. కుళాయి నీళ్లు వద్దు, అందులోని ఇనుము కూడా నీలమవుతుంది. ఇనుము ఉందని తెలిసిన కంట్రోల్ స్లైడ్ పక్కన ఉండాలి.

బల్ల పెద్దగా ఉంది కాబట్టి పని చేస్తోందని మాత్రం అనుకోవద్దు. స్మియర్‌లో హోవెల్-జోలీ చుక్కలు (ఎర్రకణంలో మిగిలిపోయిన కేంద్రకపు ముక్కలు) కనిపిస్తే, అది ఎంత పెద్దగా ఉన్నా, వడపోత తగ్గిపోయినట్టే. పెద్ద బల్లకు ఇంకో ప్రమాదం ఉంది: ఉన్నట్టుండి రక్తం అందులో నిలిచిపోయి, హిమోగ్లోబిన్ మామూలు స్థాయి నుంచి 2 గ్రాములో అంతకంటే ఎక్కువో పడిపోవచ్చు. బల్ల తడిమి చూసుకోవడం తల్లికి నేర్పితే ప్రాణం దక్కుతుంది.

మెడుల్లా రాశారు:

మైక్రోటోమ్ గారూ, ఒక మాట కలపాలి. సెక్షన్ నిండా కొడవలి కణాలు కనిపించినంత మాత్రాన బతికి ఉన్నప్పుడు అవి అలాగే ఉన్నాయని కాదు. ముక్క ఫార్మలిన్‌లో పడేలోపు దానిలోని ఆక్సిజన్ అయిపోతుంది, కణాలు అప్పుడు కూడా వంగుతాయి. పోస్ట్‌మార్టంలో వాహకుల కణజాలం కూడా ఇలాగే కనిపిస్తుంది. ‘సికిల్ సంక్షోభం వల్ల మరణం’ అని రాయాలంటే చచ్చిన మచ్చలు, గడ్డలు, పీచు లాంటి రుజువులు కావాలి.

మూడో ప్రశ్న. రక్తంలో ఉప్పు గాఢత 290 మిల్లీఆస్మోల్ దగ్గర ఉంటే, మూత్రపిండం లోపలి మెడుల్లాలో 1200 దాకా వెళ్తుంది. అక్కడి సన్నని నాళాల్లోకి దిగిన ఎర్రకణం నుంచి నీరు లాగేసుకుంటుంది. హిమోగ్లోబిన్ గాఢత ఎగబాకుతుంది, పైన ఎర్రకణం గారు చెప్పిన వ్యవధి కుప్పకూలుతుంది. ఆక్సిజన్ తక్కువ, ఆమ్లం ఎక్కువ. ఇన్ని కలిసిన చోట 35, 40 శాతం హెచ్‌బీఎస్ కూడా తాడు పేనగలదు. నాళాలు మూసుకుంటాయి, మూత్రాన్ని చిక్కబరిచే శక్తి తగ్గుతుంది, బాగా దెబ్బతింటే స్పెసిఫిక్ గ్రావిటీ (మూత్రం చిక్కదనం కొలత) 1.010 దగ్గర ఆగిపోతుంది. కొందరికి నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడుతుంది. ఆల్ఫా తలసీమియా కూడా ఉన్న వాహకుల్లో హెచ్‌బీఎస్ శాతమే తక్కువ, ఈ నష్టమూ తక్కువే. ఎస్ఎస్ పిల్లలకు చిన్న వయసులో రక్తం ఎక్కిస్తే చిక్కబరిచే శక్తి తిరిగి వస్తుంది. నాళాలు పోయాక ఇక రాదు.

పాథాలజీ_రెండో_ఏడు రాశారు:

అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక్కటి: ప్లీహం స్లైడ్ మీద ముదురు గోధుమ రంగు పొడి చల్లినట్టు ఉంటే అదంతా ఇనుమేనా? పెర్ల్స్‌లో నీలం రాకపోతే?

మైక్రోటోమ్ రాశారు:

నీలం రాకపోతే మొదట ఫార్మలిన్‌ను అనుమానించండి. ఆమ్లంగా మారిన ఫార్మలిన్ హిమోగ్లోబిన్‌తో కలిసి ఈ పొడి వేస్తుంది. రక్తం నిండిన ప్లీహంలో మరీ ఎక్కువ. లీటరు బఫర్ ఫార్మలిన్‌కు: గాఢ ఫార్మాల్డిహైడ్ 100 మి.లీ., డిస్టిల్డ్ వాటర్ 900 మి.లీ., సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నీరు లేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. ప్లీహాన్ని 3, 4 మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి, కనీసం పది రెట్ల ఫార్మలిన్‌లో వెయ్యండి. మొత్తంగా ముంచితే మధ్యభాగం కుళ్లుతుంది.

ఏజెన్సీ శాంపిళ్లలో మలేరియా రంగును కూడా మరవద్దు. అదీ పెర్ల్స్‌లో నీలం కాదు, పోలరైజ్డ్ వెలుగులో మెరుస్తుంది, ఆల్కహాల్‌లో కలిపిన పిక్రిక్ ఆమ్లంలో కరిగిపోతుంది. ఫార్మలిన్ పొడి లక్షణాలూ ఇవే, కాబట్టి ఈ పరీక్షలతో రెండింటినీ విడదీయలేరు. చోటు చూడండి: మలేరియా రంగు మాక్రోఫేజ్‌ల (చెత్తను మింగే కణాల) లోపల ఉంటుంది, ఫార్మలిన్ పొడి కణాలతో సంబంధం లేకుండా పైన ఎక్కడపడితే అక్కడ పడి ఉంటుంది.

మూలుగ ముక్కలకైతే ఇంకో జాగ్రత్త. ఎముకను మెత్తబరచడానికి గట్టి ఆమ్లం వాడితే ఇనుము దానితో పాటే కొట్టుకుపోతుంది, పెర్ల్స్ ఖాళీగా వస్తుంది. కాల్షియంను మెల్లగా లాగే ఈడీటీఏ వాడండి, రోజులు పట్టినా సరే.