బియర్డెడ్ డ్రాగన్‌కి ఆయాసం: వారం రోజులు వేడి పెంచి చూడాలా, వెంటనే వెట్ దగ్గరికి వెళ్ళాలా?

యారా_ఒడ్డున:
అందరికీ నమస్కారం. మేముండేది మెల్‌బోర్న్‌లో. మా పాప పెంచుకుంటున్న బియర్డెడ్ డ్రాగన్‌కి (మా అమ్మ దాన్ని తొండ అనే పిలుస్తుంది) నాలుగేళ్ళు, మగది, బరువు 410 గ్రాములు. ఇక్కడ జూన్‌లో చలి మొదలైనప్పటి నుంచి తిండి తగ్గించింది, చలికాలంలో అది మామూలే. కానీ ఇప్పుడు లైటు కింద లేనప్పుడు కూడా నోరు తెరుచుకునే కూర్చుంటోంది. రాత్రి లైట్లు ఆరిపోయాక చెవి దగ్గర పెట్టి వింటే ఊపిరి పీల్చినప్పుడల్లా టిక్ టిక్‌మని సన్నటి చప్పుడు, నిన్నటి నుంచి ముక్కు దగ్గర చిన్న చిన్న బుడగలు కూడా. ఇక్కడ ఎన్నో ఏళ్ళుగా ఇవే పెంచుతున్న స్నేహితుడొకరు "ఈ చలిలో బయటికి తిప్పితే ఇంకా దిగజారుతుంది, వేడి రెండు డిగ్రీలు పెంచి వారం చూడు" అంటున్నారు. క్లినిక్‌కి ఫోన్ చేస్తే "ఆలస్యం చెయ్యకండి, తీసుకురండి" అన్నారు, ఎక్స్‌రే, కల్చర్ (నమూనాలో ఏ క్రిమి ఉందో ల్యాబులో పెంచి చూసే పరీక్ష) అన్నీ కలిపి ఐదారొందల డాలర్లు అవ్వచ్చన్నారు. పాప టెన్షన్ చూడలేకపోతున్నాం. ఏది చెప్పినా ఎందుకో కూడా చెప్పండి.

ఎండ_రాయి:
నేను మీ స్నేహితుడి వైపే. మనకి జబ్బు చేస్తే ఒళ్ళు తనంతట తనే వేడెక్కుతుంది. తొండకి ఆ వీలు లేదు, వేడి బయటి నుంచే తెచ్చుకోవాలి. అమెరికాలో మాథ్యూ క్లూగర్ బృందం డెజర్ట్ ఇగ్వానాల మీద చేసిన ప్రయోగం 1975లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఆ బల్లులకి ఏరోమోనాస్ అనే బ్యాక్టీరియా ఎక్కించి 34 నుంచి 42 డిగ్రీల దాకా వేర్వేరు వేడిలో ఉంచితే, ఎక్కువ వేడిలో ఉన్నవి ఎక్కువగా బతికాయి, తక్కువ వేడిలో ఉన్నవి ఎక్కువగా పోయాయి. అంటే వేడి అనేది వీటికి పక్కవాద్యం కాదు, ఒంట్లో రోగంతో పోరాడే శక్తి మొత్తం దాని మీదే నడుస్తుంది.

ఇంకొకటి. లైటు కింద నోరు తెరవడం అసలు జబ్బే కాదు, ఒంట్లో వేడి ఎక్కువైతే అలాగే దింపుకుంటాయి. అది చూసి భయపడి పరుగెత్తి, సరీసృపాలని ఎప్పుడూ చూడని డాక్టరు రాసిన యాంటీబయాటిక్‌తో ఉన్న ఆకలి కూడా చచ్చిన తొండల్ని నేను చూశాను. ఎండ కాచుకునే రాయి మీద 40 డిగ్రీలు, చల్లటి పక్క 25 నుంచి 28, తేమ 30–40 శాతం. ముందు ఇవి సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. ఇవి లేకపోతే డాక్టరు ఇచ్చిన ఏ మందూ నిలవదు, నెల తిరక్కుండా మళ్ళీ వస్తుంది.

ఫ్రిస్కో_నాన్న:
ఎండ_రాయి గారూ, మీరు చెప్పినవన్నీ జబ్బు రాకముందు చెయ్యాల్సినవి. ఆయన రాసింది మళ్ళీ చదవండి. లైటు కింద లేనప్పుడు కూడా నోరు తెరుస్తోంది. చప్పుడు వస్తోంది. బుడగలు వస్తున్నాయి. ఈ జీవులు నీరసాన్ని చివరిదాకా దాచుకుంటాయి, అడవిలో నీరసంగా కనబడినదాన్ని గద్ద ఎత్తుకుపోతుంది కాబట్టి. మనకి కనబడేసరికే లోపల చాలా నడిచి ఉంటుంది. మా అబ్బాయి పెంచుకునే డ్రాగన్‌కి ఇలాగే అయినప్పుడు అమ్మిన షాపు వాళ్ళు "వారం ఆగండి, వేడి పెంచండి" అనే చెప్పారు. ఆ వారంలో అది గడ్డం (గొంతు కింది చర్మం) నల్లబడి, తల పైకెత్తి మాత్రమే ఊపిరి తీసుకునే స్థితికి వచ్చింది. బతికింది కానీ ఇంజెక్షన్లు నెల దాటి నడిచాయి, ముందే వెళ్ళి ఉంటే అంత దాకా వచ్చేది కాదని డాక్టరే అన్నారు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడం ఎందుకు? రేపే వెళ్ళండి.

నిజం_చెప్తా:
తప్పుగా అనుకోవద్దు, నేను అడక్కుండా ఉండలేను. నూట యాభై డాలర్లు పెట్టి కొన్న జీవికి ఆరొందల వైద్యమా? అదే డబ్బుతో ఇంకో నాలుగు వస్తాయి. ఇండియాలో మన వాళ్ళకి జ్వరమొస్తే మెడికల్ షాపులో గోళీ తెచ్చుకుని సరిపెట్టుకున్న రోజులున్నాయి.

ఫ్రిస్కో_నాన్న:
ఇంకో నాలుగు వస్తాయి కానీ అది రాదు కదా. అది ఆడుకునే బొమ్మ కాదని పాపకి చెప్పి ఇంటికి తెచ్చుకున్నవాళ్ళం, జబ్బు చేసిన రోజు మాట మార్చుకుంటే ఆ పిల్ల దగ్గర ఇంకేం మాట్లాడతాం? ఖర్చు భరించలేని పరిస్థితి నిజంగా ఉంటే క్లినిక్‌లో ముందే చెప్పండి. ఏ పరీక్ష తప్పనిసరి, ఏది తరవాత చేసుకోవచ్చు అని విడదీసి చెప్పమనండి. చాలామంది చెప్తారు. పొదుపు చెయ్యడానికి అది దారి, వెళ్ళకపోవడం కాదు.

కూకట్‌పల్లి_గాజుపెట్టె:
మీరంతా వెట్ వెట్ అంటున్నారు కానీ మా హైదరాబాద్‌లో కుక్కల క్లినిక్కులు సందుకొకటి ఉన్నాయి, తొండని టేబుల్ మీద పెడితే చెయ్యి వేసేవాళ్ళు చాలా అరుదు. మేమేం చెయ్యాలి? మా గ్రూపులో చాలామంది కోళ్ళకి వాడే ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ పది శాతం ద్రావణం నీళ్ళలో కలిపి చుక్క వేస్తారు, బాత్రూంలో వేడినీళ్ళు తిప్పి ఆవిరి పట్టిస్తారు. కొన్ని బాగయ్యాయి కూడా. డాక్టర్లు వాడేదీ అదే మందు కదా, అంత తప్పేముంది? నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నా అన్నా.

పశువైద్యురాలు_బ్రిస్బేన్:
నేను తిరుపతిలో చదువుకుని ఇప్పుడు ఇక్కడ పక్షులు, సరీసృపాలు చూస్తున్నాను. నాలుగు విషయాలు కలిసిపోయాయి కాబట్టి కాస్త పొడవుగానే రాస్తాను, ఓపికగా చదవండి.

కూకట్‌పల్లి తమ్ముడూ, ముందు నీ ప్రశ్న. పది శాతం ద్రావణం అంటే ఒక మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాముల మందు. కిలోకి 10 మిల్లీగ్రాములు అనుకున్నా 400 గ్రాముల తొండకి కావాల్సింది 4 మిల్లీగ్రాములు, అంటే 0.04 మిల్లీలీటరు. డ్రాపరు నుంచి పడే ఒక్క చుక్కే దాదాపు 0.05 ఉంటుంది. కొలవకుండా వేసిన రెండు చుక్కలంటే రెట్టింపు కన్నా ఎక్కువ, అదీ నీళ్ళు తాగక ఎండిపోయి ఉన్న జీవికి, కిడ్నీల మీద భారం పడే సమయంలో. పైగా ఆ ద్రావణానికి క్షారగుణం చాలా ఎక్కువ, కోళ్ళకి లీటర్ల నీళ్ళలో కలపడానికి తయారైనది, చిక్కగా నోట్లో పడితే లోపలి పొర మండిపోతుంది. అలాగని ఎక్కువ నీళ్ళలో కలిపితే ఎంత మందు లోపలికి వెళ్ళిందో ఎవరికీ తెలియదు. మందు ఒకటే కావచ్చు, మోతాదు వేరు, రూపం వేరు. ఇంకా పెద్ద చిక్కు ఏమిటంటే, వీటి ఊపిరితిత్తుల్లో తరచూ దొరికే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా చాలా మందులకి లొంగదు. నాలుగు రోజులు వేసి, కాస్త తేరుకోగానే ఆపేస్తే మిగిలేది లొంగని రకమే. మేము గొంతులో నుంచి నమూనా తీసి కల్చర్ చేయించమనేది అందుకే, బిల్లు పెంచడానికి కాదు. మేము ఎక్కువగా వాడే సెఫ్టాజిడిమ్ ఇంజెక్షన్ మూడు రోజులకొకసారి సరిపోతుంది. మొదటిసారి చేసి చూపించి, మిగతా సిరంజిలు మోతాదు నింపి ఇచ్చేస్తే ఇంట్లో ఫ్రీజర్‌లో పెట్టుకుని వాళ్ళే చేసుకుంటారు. అంటే వెట్ దగ్గరికి వెళ్ళడం అంటే రోజూ కారులో తిప్పడం అని కాదు.

ఎండ_రాయి గారూ, క్లూగర్ ప్రయోగం నాకూ ఇష్టమే, విద్యార్థులకి చెప్తుంటాను. కానీ అందులో ఆరోగ్యంగా ఉన్న బల్లులకి బ్యాక్టీరియా ఎక్కించి, మొదటి గంట నుంచీ ఆ వేడిలో ఉంచారు. ఇక్కడున్నది కొంతకాలంగా కఫం పేరుకున్న ఊపిరితిత్తి. తొండలకి మనలాగా ఉదరవితానం (డయాఫ్రం) లేదు, పక్కటెముకల కండరాలతోనే గాలి ఆడించుకుంటాయి. కాబట్టి గట్టిగా దగ్గి కఫం బయటికి తోసే శక్తి లేదు. వేడి వల్ల రోగనిరోధక శక్తి లేస్తుంది, మందు కూడా ఒళ్ళు వెచ్చగా ఉంటేనే సరిగ్గా పనిచేస్తుంది. రెండూ నిజమే. అయినా లోపల చేరిన చీము వేడికి దానంతటదే ఆవిరైపోదు.

అసలు ఇది ఇన్ఫెక్షనేనని మనం ఇక్కడ కూర్చుని ఎలా నిర్ధారిస్తాం? ఊపిరితిత్తుల కింద పొట్టలో ఏది ఉబ్బినా ఇలాగే ఆయాసపడతాయి. ఆడదైతే గుడ్లు కావచ్చు, మలబద్ధకం, మితిమీరిన కొవ్వు, కాలేయం పెరగడం, గుండె జబ్బు, ఏదైనా కావచ్చు. బుడగలు ఉన్నాయి కాబట్టి ఇన్ఫెక్షన్ వైపే మొగ్గు ఉంది, ఒప్పుకుంటాను. ఎక్స్‌రే తీస్తే ఆ అనుమానం తీరుతుంది.

ఆవిరి సంగతి. తేమ ఎక్కువైతేనే చాలాసార్లు ఈ జబ్బు వస్తుంది, ఎడారి జీవిని తడి ఆవిరిలో కూర్చోబెట్టడం మంచిది కాదు. నెబ్యులైజర్ వేరు. అందులో సెలైన్ అతి సన్నటి తుంపరగా మారి లోపలి దాకా వెళ్ళి కఫాన్ని పలచన చేస్తుంది, బాత్రూం ఆవిరి చుక్కలు ముక్కు దాటవు. నీరసంగా ఉన్నదాన్ని నీళ్ళ టబ్బులో కూడా దింపకండి, తల వాలిస్తే నీళ్ళు ఊపిరిలోకి పోతాయి. నోరు బలవంతంగా తెరిచి తిండి కుక్కినా అంతే.

ఎండ_రాయి:
డాక్టరు గారూ, బుడగలుంటే ఆగకూడదన్న మాట నాకు అభ్యంతరం లేదు. కానీ నా మాట మీద నేనున్నాను. అందరికీ మీలాంటి వాళ్ళు దొరకరు. ట్యాంకు ఫోటో కూడా అడగకుండా, వేడి ఎంతుందని ఒక్క ముక్క అడగకుండా నేరుగా ఇంజెక్షన్ పొడిచే చోటికి ఈ చలిలో గంటన్నర కారులో తీసుకెళ్ళడం కన్నా, రెండు రోజులు వెచ్చగా కదలకుండా ఉంచి సరైన డాక్టరుని వెతుక్కోవడమే దానికి మేలు. "వెంటనే" అన్న మాటకి భయపడి జనం ఎక్కడికి పడితే అక్కడికి పరుగెత్తుతున్నారు, నా బాధంతా అదే.

పశువైద్యురాలు_బ్రిస్బేన్:
రెండు రోజులు సరైన మనిషిని వెతకడానికైతే సరే. వారం "చూద్దాం" అని కూర్చోవడానికైతే కాదు. ఫోన్‌లోనే అడగండి: "నెలకి ఎన్ని సరీసృపాలు చూస్తారు? ఎన్రోఫ్లాక్సాసిన్ ఇంజెక్షన్ పదేపదే ఇస్తారా?" అని. అది గుచ్చిన చోట కండ చచ్చిపోయి పుండు పడుతుందని తెలిసినవాళ్ళు ఒకసారికి మించి గుచ్చడానికి వెనకాడతారు, వేరే దారి చూస్తారు. జవాబులోనే మీకు అర్థమైపోతుంది.

యారా_ఒడ్డున:
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. సరీసృపాలు చూసే డాక్టరు దగ్గర ఎల్లుండి పొద్దున అపాయింట్‌మెంట్ దొరికింది. ఎండ_రాయి గారు చెప్పారని ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో కొలిచాను. అద్దానికి అతికించిన గుండ్రటి మీటరు 40 చూపిస్తుంటే రాయి మీద నిజంగా ఉన్నది 33, తెల్లవారుజామున చల్లటి పక్క 15. ఈ రెండు రాత్రులూ ఏం చెయ్యాలి, కారులో ఎలా తీసుకెళ్ళాలి?

ఎండ_రాయి:
చూశారా, 15! లైటు ఇవ్వని సిరామిక్ హీటరు ఒకటి థర్మోస్టాట్‌తో పెట్టండి, రాత్రి 26 దగ్గర నిలపండి. పగలు రాయి మీద 40 వచ్చేలా బల్బు దించండి లేదా పెద్దది మార్చండి. కానీ ట్యాంకంతా ఒకే వేడి చెయ్యొద్దు. తనకి కావాల్సినప్పుడు పక్కకి తప్పుకునే చోటు ఉండాలి, లేకపోతే ఆయాసం ఇంకా పెరుగుతుంది. తడి కొబ్బరిపీచు లాంటిదేదైనా కింద పరిచి ఉంటే తీసేసి పేపర్ టవల్ వెయ్యండి. నీళ్ళ గిన్నె హీటరు కింద ఉంటే జరపండి.

ఫ్రిస్కో_నాన్న:
కారుకి: తను కాస్త ఇటూ అటూ మసలగలిగేంత చిన్న పెట్టె, కింద తువ్వాలు, ఒక పక్కన గుడ్డ చుట్టిన వేడినీళ్ళ సీసా. కారు హీటరు ముందే వేసి లోపల వెచ్చబడ్డాకే తీసుకెళ్ళండి. రాత్రి వినిపించే చప్పుడు వీడియో తీసి పెట్టుకోండి, క్లినిక్‌లో కొత్త మనుషుల్ని చూసి బిగుసుకుపోతే ఆ చప్పుడు రాదు. ట్యాంకు ఫోటో, యూవీబీ ట్యూబు (ఎండలోని అతినీలలోహిత కాంతిని ఇచ్చే లైటు) ఎప్పుడు మార్చారో, తాజా రెట్ట ఒక డబ్బాలో. వంటింటి కాటా మీద రోజూ ఒకే వేళకి తూచి రాసుకోండి.

పశువైద్యురాలు_బ్రిస్బేన్:
పైవన్నీ సరైనవే. నీళ్ళు మాత్రం ముక్కు కొస మీద చుక్క చుక్కగా వదలండి, నాకితే నాకనివ్వండి, లేకపోతే ఆపండి. మెడ సాచి తల పైకెత్తి నోరు మూయకుండా ఉన్నా, నోటి లోపలి రంగు బూడిదగానో నీలంగానో మారినా, పట్టుకుంటే చేతిలో వాలిపోతున్నా ఎల్లుండి దాకా ఆగకండి, రాత్రైనా ఎమర్జెన్సీకి వెళ్ళండి. అన్నట్టు విక్టోరియాలో బియర్డెడ్ డ్రాగన్‌కి వన్యప్రాణి లైసెన్సు కావాలి కదా, ఇది చదువుతున్న వేరేవాళ్ళెవరైనా అది లేదని భయపడి డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానకండి. లైసెన్సు తరవాత చూసుకోవచ్చు, జబ్బు మాత్రం అంతదాకా ఆగదు.

కూకట్‌పల్లి_గాజుపెట్టె:
అక్కా, లెక్క చూశాక చుక్కల మందు గురించి గ్రూపులో చెప్తాను. మరి ఇక్కడ మా సంగతి?

పశువైద్యురాలు_బ్రిస్బేన్:
తమ్ముడూ, కుక్కల క్లినిక్‌లో కూడా డిజిటల్ ఎక్స్‌రే ఉంటుంది, గ్రాముల తూకం ఉంటుంది, నమూనా ల్యాబుకి పంపే వీలు ఉంటుంది. తొండ అనుభవం లేకపోయినా నేర్చుకోవాలనే ఆసక్తి ఉన్న డాక్టరుని ఒక్కరిని పట్టుకోండి. ఎక్స్‌రే బొమ్మలు సరీసృపాల డాక్టరుకి పంపించి, వాళ్ళిద్దరూ ఫోన్‌లో మాట్లాడుకునేలా చూడండి. మోతాదు అక్కడే తూచి, సిరంజిలో నింపి ఇస్తారు. మీ గ్రూపులో తొండలున్నవాళ్ళంతా కలిసి ఆ ఒక్క డాక్టరు దగ్గరికే వెళ్తే ఆవిడకో ఆయనకో అనుభవం పెరుగుతుంది. జబ్బు చేసిన రోజు వెతకడం కాకుండా ఈ నెలలోనే బాగున్నదాన్ని ఒకసారి చూపించి రండి.