బీఎడ్ అయింది, అనుభవం సున్నా: విదేశంలో టీచరు ఉద్యోగానికి దారి ఉందా?

కోనసీమ_అమ్మాయి:
అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. బీఎస్సీ తరువాత ఈ ఏడాదే బీఎడ్ పూర్తయింది. మెథడాలజీ లెక్కలు, భౌతికశాస్త్రం. అనుభవం అంటే ప్రాక్టీసు టీచింగే. 2025లో 16,347 పోస్టులతో డీఎస్సీ పడినప్పుడు నేనింకా చదువులోనే ఉన్నాను. మళ్లీ ఎప్పుడు వేస్తారా అని గుమ్మంలో కూర్చోవడం ఇష్టం లేదు. ఒక ఏజెంటు దుబాయ్ బడిలో ఉద్యోగమని లక్షన్నర అడుగుతున్నాడు. ముందు విజిట్ వీసా మీద వెళ్లాలట, అక్కడ మారుస్తారట. కౌలు డబ్బు చేతికి రాగానే ఇద్దామని నాన్న అంటున్నారు. వెళ్లొచ్చినవారు చెప్పగలరా?

ఎడారి_చాక్‌పీసు:
ఇవ్వకండి. మీ నాన్నగారికి ఈ సందేశం చదివి వినిపించండి. ప్రభుత్వం దగ్గర నమోదైన ఏజెంటు తీసుకోదగ్గ గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగాడంటేనే సంగతి అర్థమవుతుంది. విదేశాంగ శాఖవారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని లైసెన్సు ఉందో లేదో పది నిమిషాల్లో చూసుకోవచ్చు. విజిట్ వీసాను అక్కడ ఉద్యోగ వీసాగా మార్చుకోవడం ఉన్నమాటే కానీ, మారేదాకా తరగతిలో అడుగు పెట్టకూడదు. దొరికితే జరిమానా మీకూ పడుతుంది.

నేను నేరుగా బడుల వెబ్‌సైట్లలోనే దరఖాస్తు పెట్టాను. అక్కడి సీబీఎస్ఈ బడులు ఏప్రిల్‌లో తెరుస్తారు కాబట్టి ఇంటర్వ్యూలు డిసెంబరు నుంచే మొదలవుతాయి. చాలావరకు రెండేళ్ల అనుభవం అడుగుతారు. నేను మూడేళ్లు నిజామాబాద్‌లో చెప్పాక వెళ్లాను.

డెమో సంగతి చెప్పాలి. ఆన్‌లైన్‌లో పదిహేను నిమిషాలు, వర్గ సమీకరణాలు. ఫ్యాను చప్పుడు మైకులో పడుతోందని ఆపేశాను. మే నెల. చెమట కళ్లలోకి దిగుతుంటే బోర్డు మీద రాస్తూనే ఉన్నాను. అంతా విని వాళ్లు అడిగింది ఒక్కటే: "చివరి బెంచీ పిల్లవాడికి అర్థం కాలేదు, ఇప్పుడేం చేస్తారు?" లెక్క గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు.

విశాఖ_వినోదం:
అందరూ ఏజెంటు అనగానే దొంగ అంటారు. నేను కన్సల్టెన్సీ ద్వారానే ఒమన్ వెళ్లాను, ఉద్యోగం నిజంగానే ఇచ్చారు.

ఎడారి_చాక్‌పీసు:
ఎంత ఇచ్చారు?

విశాఖ_వినోదం:
ఎనభై వేలు. రసీదు ఇవ్వలేదు. సరే, మీరు గెలిచారు.

పడవ_టీచరమ్మ:
కోనసీమ చెల్లీ, నీలాంటి స్థితిలోనే నేను మాల్దీవులకు వెళ్లాను. బీఎడ్ చేతిలో పట్టుకుని, అనుభవం లేకుండా. అక్కడ వాళ్ల భాష ధివేహి, ఇస్లాం తప్ప మిగతా పాఠాలు ఇంగ్లీషులోనే, పై తరగతులకు కేంబ్రిడ్జ్ ఓ లెవెల్ పద్ధతి. మన డిగ్రీని అక్కడి అర్హతల సంస్థ పరిశీలించి సరేనంటేనే పని. ఇంటర్వ్యూ ఫోనులోనే అయిపోయింది.

రాజధాని మాలెలో దిగాక అసలు ప్రయాణం మొదలైంది. నాకిచ్చిన దీవిని ఇరవై నిమిషాల్లో చుట్టి రావచ్చు. సినిమా హాలు లేదు. కూరగాయలు పడవలో వస్తాయి. సముద్రం బాగాలేకపోతే రావు. నేను శాకాహారిని, అక్కడేమో మూడు పూటలా చేపే. మొదటి నెల అన్నంలో చింతపండు పులుసు, అప్పడం. రెండో నెల ఒక విద్యార్థి వాళ్లమ్మ పెరటి మునగాకు తెచ్చి ఇచ్చింది. "ఇది మీరు తింటారట కదా, టీచర్" అంది. ఆ రోజు పప్పు వండుకుంటూ ఏడ్చాను, ఉల్లిపాయ వల్ల కాదు.

పిల్లలు మంచివాళ్లు. శుక్ర, శనివారాలు సెలవు. చిక్కల్లా డబ్బు ఇంటికి పంపడంలో. జీతం వాళ్ల డబ్బు రుఫియాలో ఇస్తారు, డాలర్లకు కొరత, నెలకు ఇంతకంటే పంపకూడదని బ్యాంకు పరిమితి. ఊళ్లో అప్పు ఉన్నవాళ్లు ఆ పరిమితి ఎంతో తెలుసుకోకుండా సంతకం పెట్టవద్దు. గది అద్దె ఎవరిది, ఏడాదికి ఒక టికెట్టు ఇస్తారా, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ఈ మూడూ ఒప్పందంలో రాసి ఉండాలి. నేను మూడోది చూడలేదు. చూసి ఉండవలసింది.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు:
మా ముందు తరంలో ఇథియోపియాకు వెళ్లిన మాస్టార్లు ఉండేవారు, ఉత్తరం అందడానికే నెల పట్టేదట. ఆ మాట పక్కన పెడతాను. అమ్మా, రెండేళ్లు దగ్గర్లోని బడిలో చెప్పు. జీతం తక్కువే ఇస్తారు, తెలుసు. కానీ నియామకపత్రం, జీతం బ్యాంకులో పడిన లెక్క, చివర అనుభవ ధ్రువపత్రం తీసుకో. చేతికి నగదు ఇచ్చే బడిలో పదేళ్లు చెప్పినా విదేశంలో అది సున్నా కిందే లెక్క.

టెక్సాస్_తెలుగు:
మాస్టారి మాటే నాదీ. అమెరికా జే-1 టీచరు వీసాకు కనీసం రెండేళ్ల పూర్తికాలపు అనుభవం తప్పనిసరి, ఇచ్చేదీ మొదట మూడేళ్లకే. ఇంగ్లండులో క్యూటీఎస్‌కు, అంటే అక్కడి టీచరు అర్హత గుర్తింపుకు, మన దేశం నుంచి లెక్కలు, సైన్సు, భాషలు చెప్పేవారికి అవకాశం ఉంది. దానికీ అనుభవం కావాలి. నీ సబ్జెక్టులు సరిగ్గా అవే.

ఎడారి_చాక్‌పీసు:
ఈలోగా కాగితాల పని మొదలుపెట్టండి. ప్రొవిజినల్ పనికిరాదు, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ పట్టా) కావాలి. దుబాయ్ ఉన్న యూఏఈకి అయితే దాని మీద ఈ ముద్రలు వేయించాలి: ముందు రాష్ట్ర విద్యాశాఖ, తరువాత మన విదేశాంగ శాఖ, ఆపై వాళ్ల ఎంబసీ, చివరికి అక్కడి విదేశాంగ శాఖ. ఒమన్, బహ్రెయిన్, సౌదీలకు మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర చాలు. ముద్రలన్నీ ఓడీ వెనకవైపే పడతాయి.

కోనసీమ_అమ్మాయి:
అందరికీ ధన్యవాదాలు. నాన్నకు చదివి వినిపించాను. ఏజెంటుకు ఫోను చేసి లైసెన్సు నంబరు అడిగారు, అప్పటినుంచి ఫోను ఎత్తడం లేదు. సోమవారం మండపేటలో ఒక బడికి వెళ్తున్నాను. ఒక చిన్న సందేహం: డిగ్రీ ఓడీ రాగానే పాడవకూడదని లామినేషన్ చేయించాను. పరవాలేదు కదా?

ఎడారి_చాక్‌పీసు:
అయ్యో.

పడవ_టీచరమ్మ:
కంగారు పడకు చెల్లీ, నేనూ చేయించాను. దాన్ని ఊడదీయడానికి ఇస్త్రీపెట్టె జోలికి మాత్రం వెళ్లకు. ఆ పని తెలిసినవాళ్లు జాగ్రత్తగా విప్పుతారు, ముందు పనికిరాని కాగితం మీద చేసి చూపించమని అడుగు. బీఎడ్ ఓడీ వస్తే ప్లాస్టిక్ కవరులో పెట్టు, అంతే.