అంకెల చాటున ద్వేషం: రిపోర్ట్ ఎలా రాయాలి?

ప్రశ్న: జర్మనీ వచ్చి రెండు నెలలైంది. నా ఫొటో కింద ఒకరు '88' అని, మరొకరు '14' అని రాశారు. రిపోర్ట్ చేస్తే 'నిబంధనల ఉల్లంఘన లేదు' అన్నారు. నేనే అతిగా ఆలోచిస్తున్నానా?

జవాబు: లేదండీ, మీ అనుమానం సరైనదే. ఇంగ్లీషులో ఎనిమిదో అక్షరం హెచ్. రెండు హెచ్‌లంటే 'హైల్ హిట్లర్', అంటే నాజీల వందనం. 14 అంటే శ్వేతజాతి ఆధిపత్యవాదుల నినాదం, అందులో పద్నాలుగు ఇంగ్లీషు మాటలుంటాయి.

అయితే 1988లో పుట్టినవాళ్లూ పేరు చివర 88 పెట్టుకుంటారు, చైనీయులకది అదృష్ట సంఖ్య. కాబట్టి అంకె ఒక్కటే చూసి ఎవరినీ అనకండి. ఆ ఖాతా తెరవండి. నయా నాజీలు వాడే 'నల్ల సూర్యుడి' బొమ్మ, ఎస్ఎస్ (హిట్లర్ నాటి నాజీ సాయుధ దళం) గుర్తులు, యూదుల పేర్ల చుట్టూ మూడేసి బ్రాకెట్లు కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు.

ముందు స్క్రీన్‌షాట్లు తీయండి: కామెంట్, తేదీ, లింకు, ప్రొఫైల్ అన్నీ పడాలి. బ్లాక్ చేయడం ఆ తర్వాతే. కోపంతో ఆ బొమ్మల్ని మీ పేజీలో మాత్రం పెట్టకండి.

రిపోర్ట్‌లో 'ద్వేషపూరితం' అని మాత్రమే టిక్ పెడితే చూసేవాళ్లకు రెండంకెలే కనిపిస్తాయి. రాసే చోటు ఉంటే విడమర్చి చెప్పండి: 'వలస వచ్చిన నా ఫొటో కింద రాశారు. 88 నాజీ సంకేతం. ఇదే ఖాతాలో ఫలానా పోస్టులో ఎస్ఎస్ గుర్తు ఉంది, లింకు ఇదిగో.' ఈ మూడు వాక్యాలే అసలు బలం.

ఆ ఎస్ఎస్ గుర్తున్న పోస్టును 'చట్టవిరుద్ధం' అనే దారిలో విడిగా రిపోర్ట్ చేయండి. 2024 ఫిబ్రవరి నుంచి పూర్తిగా అమలైన ఐరోపా డిజిటల్ సేవల చట్టం కింద పెద్ద వేదికలు తమ నిర్ణయాన్ని మీకు తెలియజేయాలి. కాదంటే, కనీసం ఆరు నెలల వరకు అక్కడే ఉచితంగా అప్పీలు చేసుకోవచ్చు. మీకు వచ్చిన 'లేదు' ఆఖరి మాట కాదు.

స్వస్తికను పోలిన నాజీ గుర్తు, ఎస్ఎస్ గుర్తుల ప్రదర్శన జర్మన్ శిక్షాస్మృతి 86ఎ సెక్షన్ కింద నేరం. మూడేళ్ల వరకు జైలు లేదా జరిమానా. రాష్ట్ర పోలీసుల ఆన్‌లైన్ ఫిర్యాదులో స్క్రీన్‌షాట్లు జతచేయండి.

ప్రశ్న: నా పేరు వాళ్లకు తెలుస్తుందేమోనని టెన్షన్.

జవాబు: రిపోర్ట్ చేసిందెవరో వేదికలు మామూలుగా అవతలివారికి చెప్పవు. అప్పీలు జర్మన్‌లో రాసి నాకు పంపండి, ఈ రాత్రే సరిచూసి ఇస్తాను.