పజిల్‌లో రూల్స్ అన్నీ ముందే రాసుకోవాలా, చదువుతూనే గీసేయాలా?

హన్మకొండ అభ్యర్థి:
బ్యాంకు ఆఫీసర్ ఉద్యోగానికి ఐబీపీఎస్ పీవో ప్రిలిమ్స్‌కు చదువుతున్నాను. రీజనింగ్‌లో 35 ప్రశ్నలకు 20 నిమిషాలే. సీటింగ్ పజిల్ వస్తే ఒక్కో వాక్యం చదువుతూ బొమ్మ గీస్తాను. సగంలో తప్పని తేలుతుంది, కొట్టేసి మళ్ళీ మొదలు. టెన్షన్‌తో తర్వాతి ప్రశ్నలు కూడా పోతున్నాయి. మా రూమ్‌మేట్ మాత్రం రూల్స్ అన్నీ ముందే గుర్తుల్లో రాసుకుంటాడు. ఏది మేలు?

కాజీపేట నుంచి:
తమ్ముడూ, అన్నీ రాసుకుంటూ కూర్చుంటే టైమ్ అక్కడే అయిపోతుంది. సీటు ఖాయంగా చెప్పే వాక్యం వెతుక్కో, దానితో మొదలుపెట్టు. "పక్కన లేడు" లాంటివి చివర్లో చూసుకోవచ్చు. నేను రెండుసార్లు ప్రిలిమ్స్ దాటింది ఇలాగే.

సుబేదారి నుంచి:
ఆ చివరి మాట ఒప్పుకోలేను అన్నా. "లేడు" అనే రూల్‌ను ఆఖరికి వదిలేయడం వల్లే తమ్ముడు కొట్టేయాల్సి వస్తోంది.

క, గ, చ, ట, త, ప ఆరుగురూ ఉత్తరం వైపు చూస్తూ ఒకే వరుసలో ఉన్నారనుకోండి. క కుడివైపు రెండో సీటు గ ది. గ కుడిపక్కనే ప. చ ఏదో ఒక చివర. ట, గ పక్కపక్కన లేరు.

మొదటి రెండూ కలిపి "క _ గ ప" అని ఒకే ముక్కగా రాయాలి. ఆ ఖాళీలో ఎవరు? చ చివర ఉండాలి, కాబట్టి కాదు. ట అయితే గ పక్కకు వస్తాడు, కాబట్టి కాదు. మిగిలింది త. ఒక్క సీటు నింపకముందే "క త గ ప" తేలిపోయింది! ఇక సాధ్యమయ్యే వరుసలు నాలుగే. "లేడు" రూల్ పక్కన పెట్టి గీస్తే ఎనిమిది.

కాజీపేట నుంచి:
లెక్క సరే చెల్లె. కానీ ఇది అమెరికా లా కాలేజీల ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్ తరహా. అక్కడ వరుస పూర్తిగా తేలకుండానే ఏది తప్పక నిజమో అడిగేవాళ్ళు. ఆ లాజిక్ గేమ్స్‌ను 2024 ఆగస్టు నుంచి తీసేశారు కూడా. బ్యాంకు పజిల్‌లో మామూలుగా చివరికి ఒకటే వరుస మిగులుతుంది.

సుబేదారి నుంచి:
ఆ ఒకటి తొందరగా మిగలాలంటే ఈ పనే చేయాలి అన్నా. అన్నీ రాయమని నేనూ అనను. సీటు ఖాయమైతే నేరుగా బొమ్మలో పెట్టేయాలి. ఇద్దరిని కలిపే రూల్స్, "లేడు" రూల్స్ మాత్రం పక్కనే రాసుకోవాలి.

హన్మకొండ అభ్యర్థి:
అర్థమైంది అక్కా. మరి కొందరు దక్షిణం వైపు చూస్తుంటే?

సుబేదారి నుంచి:
క ఎటు చూస్తున్నాడో తెలిసేదాకా "క _ గ", "గ _ క" రెండూ రాసుకో. తెలియగానే ఒకటి కొట్టేయి.