సమస్యాపూరణం: కొండ యెక్కినవానికిఁ గొండ లేదు

పృచ్ఛకులు (సమస్య ఇచ్చినవారు): పై పాదంతో ముగిసేలా పద్యం చెప్పాలి. ఛందస్సు తేటగీతి. పూరణలో పీఠభూమి రావాలి. పాదవిభజన (గలం: గురువు, లఘువు; భ: గురువు, రెండు లఘువులు): కొండ (గలం) / యెక్కిన (భ) / వానికిఁ (భ) / గొండ (గలం) / లేదు (గలం). నాలుగో గణం మొదట యతి (పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదిరే అక్షరం).

పూరణ 1

అంచు నిట్టనిలువుగోడ యగును; పైన
చదును నేలయె కనిపించు చాపవోలె
పీఠభూమికి నిదియెగా పెద్ద గుర్తు
కొండ యెక్కినవానికిఁ గొండ లేదు

విమర్శ: నడక బాగుంది, గణయతులు సరి. విషయంలోనే చిక్కు. అంచులన్నీ గోడలు కానక్కరలేదు. దక్కను పడమట సహ్యాద్రి దగ్గర నిట్టనిలువు, తూర్పున మెల్లని వాలు. గోదావరి, కృష్ణ అటు పారేది అందుకే. మొదటి పాదం ఇలా మార్చండి: "ఒక్క వైపున గోడయై యుండు; పైన". ఒ–ఉ యతి చెల్లుతుంది.

పూరణ 2

అడుగు నేల యుపత్యక, యద్రిమీఁది
తలమధిత్యక యను మాట దలఁచి చూడ
ఎత్తు మిగులును, వాలేమొ యింకిపోవు
కొండ యెక్కినవానికిఁ గొండ లేదు

విమర్శ: సమస్యకు అసలు తాళంచెవి మూడో పాదంలో ఉంది. లేనిది వాలు, ఎత్తు కాదు. టిబెట్ పీఠభూమి సగటున సుమారు 4,500 మీటర్ల ఎత్తున ఉంది; ఆ ఎత్తు చెప్పకుండా చదును ఒక్కటే చెబితే మైదానానికీ పీఠభూమికీ తేడా ఉండదు. సంస్కృత నిఘంటువు అమరకోశంలోని ఉపత్యక, అధిత్యక అనే జంటపదాలను వాడిన తీరూ ముచ్చటగా ఉంది. కానీ ఇంకేది నీరు, వాలు కాదు. "యింకిపోవు" బదులు "యిచటఁ దీరు" అంటే సరి.

పూరణ 3

పొరలు పొరలుగ లావాయె పొంగి పాఱి
గట్టిపడి నల్లఱాయయి చదునుగాను
దక్కనీ రీతిఁ బుట్టెను దాను గనుక
కొండ యెక్కినవానికిఁ గొండ లేదు

విమర్శ: రెండో పాదంలో యతిభంగం: గ–చ లకు మైత్రి లేదు. "చల్లఁబడి నల్లఱాయయి చదునుదేరె" అనండి, యతి కుదురుతుంది, లావా గట్టిపడిన కారణమూ వస్తుంది. మూడో పాదంలో "దాను" ఉత్త పూరకం (పాదం నింపే మాట). పైగా దక్కను అంతా లావా కాదు, సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి ఆ పొరలు ఎక్కువగా వాయవ్యాన, మహారాష్ట్ర వైపు ఉన్నాయి. తెలంగాణలో అధికభాగం అంతకంటే ఎంతో పాతదైన గ్రానైటు, నైస్ రాళ్లు. కాబట్టి: "దక్కనందలి వాయవ్య తలమునందు".

పూరణ 3 కవి: సవరణలు తీసుకున్నానండి. "పీఠభూమి" అన్న మాట నా పద్యంలో లేదు, బదులు "మెట్ట" అనవచ్చా?

విమర్శ: వద్దండి. మెట్ట అంటే కాలువనీరు ఎక్కని నేల. పల్లం కంటే కొద్దిగా మిట్టగా ఉన్నా మెట్టే. పీఠభూమికి చుట్టుపక్కల నేల మీద కనీసం ఒక వైపైనా స్పష్టంగా లేచిన ఎత్తు కావాలి. దక్కను పేరు చెప్పారు గనుక మీకు ఆ మాట లేకపోయినా లోటు లేదు.

పృచ్ఛకులు: అరసున్న టైపు కాకపోతే వదిలేయండి గాని "గొండ"ను "కొండ" చేయకండి. "వానికి" ద్రుతాంతం (చివర "న్" ఉండే మాట), దాని తర్వాత సరళాదేశం ("క" "గ"గా మారడం) రావాలి.