2,000 డాలర్ల బిల్లుకు చేతికొచ్చేది ఎంత? వైరా, వాలెట్టా, రూపాయి ఇన్వాయిస్సా?

మణికొండ_యూఐ:
ఫ్రీలాన్స్ పనికి అమెరికాలోని డల్లాస్ క్లయింటు నెలకు 2,000 డాలర్లు ఇస్తాడు అనుకోండి. తెప్పించుకోవడానికి మూడు దారులు: బ్యాంకుకు నేరుగా స్విఫ్ట్ వైర్ (బ్యాంకుల మధ్య అంతర్జాతీయ బదిలీ), పేపాల్ లాంటి వాలెట్, లేదంటే ఇన్వాయిస్సే రూపాయల్లో వేసేయడం. వాట్సాప్ గ్రూపుల్లో ఎవరికి వాళ్ళు తమదే చవక అంటున్నారు గానీ లెక్క చూపించరు. లెక్కతో చెప్పగలిగినవాళ్ళు చెప్పండి.

రూపాయి_పక్షం:
ఇందులో తర్జనభర్జన ఏముంది? రూపాయల్లో వేయండి. 1,80,000 అని రాస్తే 1,80,000 రావాలి. మార్పిడి తలనొప్పి క్లయింటుది. రేటు లేచినా పడినా మనకేం పట్టింపు లేదు.

డెస్క్_రేటు:
తలనొప్పి చేతులు మారుతుంది గానీ పోదు గురువుగారూ. అమెరికాలో మామూలు బ్యాంకుకు రూపాయలు పంపడం రోజూ చేసే పని కాదు, అందుకని రేటులో ధారాళంగా కోత వేసుకుంటుంది. మీకు 1,80,000 చేరడానికి క్లయింటు ఖాతాలోంచి 2,000 బదులు 2,060 డాలర్లు పోయాయనుకోండి, తర్వాతి బేరంలో ఆ 60 మీ నెత్తినే పడుతుంది. రూపాయి బలహీనపడ్డ నెలలో లాభం కూడా అతనికే. మీరు చెప్పే దారిలో ఖర్చు తగ్గడం లేదు, మన కంటికి కనబడకుండా పోతోంది, అంతే.

లెడ్జర్_అమీర్‌పేట:
జీఎస్టీ వైపు నుంచి ఇంకో ముక్క. సేవల ఎగుమతిగా లెక్కలోకి రావాలంటే డబ్బు మారక ద్రవ్యంలో రావాలి, లేదా రిజర్వు బ్యాంకు అనుమతించిన చోట రూపాయల్లో రావాలి. ఆ రెండోది రుజువు చేసుకునే బాధ్యత మీదే. విదేశీ బ్యాంకుకు ఇక్కడున్న రూపాయి ఖాతా (వోస్ట్రో) ద్వారా వచ్చిన రూపాయలైతే వాదించడానికి ఆధారం ఉంటుంది. క్లయింటు తమ్ముడు గచ్చిబౌలి నుంచి యూపీఐ కొట్టాడంటే అది ఎగుమతి అనిపించుకోదు, 18 శాతం పన్ను మీద పడుతుంది. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళు, అంటే ఏడాది రాబడి 20 లక్షలు దాటినవాళ్ళు, దీంతో ఆటలాడొద్దు.

డెస్క్_రేటు:
ఇక అడిగిన లెక్క. మధ్య రేటు (మార్కెట్లో కొనే, అమ్మే రేట్లకు నడిమిది) డాలరుకు 90 అనుకుందాం, గుణించడానికి తేలిక. 2,000 డాలర్లకు పూర్తి విలువ 1,80,000.

వైర్‌లో నాలుగు చోట్ల తరుగు. దారిలో మధ్యవర్తి బ్యాంకు 20 డాలర్లు తీసుకుంటే మిగిలేది 1,980. మీ బ్యాంకు మధ్య రేటు ఇవ్వదు, టీటీ బయింగ్ రేటు (మన డాలర్లు కొనడానికి బ్యాంకు పెట్టిన రేటు) ఇస్తుంది. తేడా 1 శాతం అనుకుంటే 89.10. అక్కడికి 1,76,418. మార్పిడిపై జీఎస్టీ 249. ఇన్‌వర్డ్ చార్జీ 200, దానిపై పన్ను 36. ఖాతాలో పడేది 1,75,933. మొత్తం పోయింది 4,067, అంటే 2.26 శాతం. అందులో 1,782 రేటులోనే దాగి ఉంటుంది, ఏ రసీదులోనూ రాయరు. జనం 236 రూపాయల చార్జీ గురించి బ్రాంచిలో గొడవపడి, ఈ 1,782 గురించి నోరు మెదపరు.

వాలెట్ సంగతి. పేపాల్‌లో విదేశీ వాణిజ్య చెల్లింపుకు 4.4 శాతం, పైన చిన్న స్థిర రుసుము. రేటులో మరో 3 శాతం కోత అనుకుంటే 1,912 డాలర్లు 87.30 చొప్పున 1,66,918. పోయింది 13,082.

కూకట్‌పల్లి_ఫిగ్మా:
అన్నా, 2,000కి సరే. లోగో పనులకు 200 డాలర్లు వచ్చేవాళ్ళకు ఇదే లెక్క వేసి చూడండి, వాలెట్టే గెలుస్తుంది. వైర్‌లో మధ్యవర్తి 20 పోగా 180 డాలర్లు 89.10 చొప్పున 16,038, అందులోంచి జీఎస్టీ 45, చార్జీ 236 తీస్తే 15,757. పూర్తి విలువ 18,000 కదా, 12 శాతం పైనే గోవిందా. వాలెట్‌లో అదే 200కి 16,692 వస్తుంది. "వైరే చవక" అని గుడ్డిగా రాసేయకండి.

డెస్క్_రేటు:
ఒప్పుకుంటాను. పై రేట్లతోనే చూస్తే 370 డాలర్ల దగ్గర రెండూ సమానమవుతాయి. కింద వాలెట్, పైన వైర్. మీ బ్యాంకు తేడా 2 శాతమైతే ఆ గీత ఇంకాస్త పైకి జరుగుతుంది. అందుకే చిన్న బిల్లులను రెండు మూడు నెలలకు కలిపి ఒకే వైర్‌గా తెప్పించుకోవడం ఒక ఉపాయం, క్లయింటు మీద నమ్మకం ఉంటేనే సుమా.

ఉప్పల్_బ్యాకెండ్:
గిదంత మంచిగనే ఉందన్నా గని, క్లయింటు వైర్ పంపనంటే ఏం జేస్తం? బయటి దేశానికి వైర్ అంటే అక్కడి బ్యాంకులు 40, 50 డాలర్లు గుంజుతయి. చిన్న కంపెనీలోళ్ళు గందుకే ఒప్పుకోరు. ఏసీహెచ్ అయితే లోకల్ ట్రాన్స్‌ఫర్ లెక్క, వాళ్ళకు ఖర్చు దాదాపు ఉండది. మన పేరు మీద అమెరికా రౌటింగ్ నంబరుతోని (గది మన ఐఎఫ్ఎస్‌సీ అసొంటిది) వర్చువల్ ఖాతా ఇచ్చే కంపెనీలు ఉన్నయి గదా, అండ్ల మధ్యవర్తి బ్యాంకే ఉండది. అంతా కలిపి 1 శాతం తీసుకున్నా 2,000కి పోయేది 1,800. వైర్ కన్నా సగం తక్కువ. గీ దారి ఎవ్వలు చెప్తలేరేంది?

లెడ్జర్_అమీర్‌పేట:
మంచి దారే, రెండు చూసుకుని వెళ్ళండి. మొదటిది, ఆ సంస్థకు అనుమతి ఉందా అని. సరిహద్దు దాటే చెల్లింపుల అగ్రిగేటర్లకు (పీఏ-సీబీ) రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరు 31న నిబంధనలు తెచ్చింది. ఒక్కో లావాదేవీకి 25 లక్షలు పరిమితి. అనుమతి పొందినవాళ్ళ జాబితా రిజర్వు బ్యాంకు సైట్‌లోనే ఉంటుంది. యాప్‌లో వేసుకున్న లోగోలు చూసి నమ్మొద్దు.

రెండోది, కాగితం. మీ ఖాతాలో డబ్బు నెఫ్ట్‌లాగా, దేశంలోంచే వచ్చినట్టు పడుతుంది. అది విదేశీ డబ్బేనని చెప్పే ఎఫ్ఐఆర్ఏ పత్రం ప్రతి చెల్లింపుకూ రావాలి, అందులో మీ పేరు, పంపినవాడి పేరు, డాలర్ల మొత్తం, పర్పస్ కోడ్ (డబ్బు దేనికొచ్చిందో చెప్పే కోడ్) నాలుగూ ఉండాలి. సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి పీ0802, మేనేజ్‌మెంట్ కన్సల్టెన్సీకి పీ1006. బ్రాంచిలో తొందరపడి కుటుంబ పోషణ కోడ్ పీ1301 కొట్టేస్తే మీ రాబడి కాగితం మీద అమెరికాలో ఉన్న అన్నయ్య పంపిన డబ్బైపోతుంది. హైదరాబాదులో ఇంటికి డబ్బు పంపే ఎన్నారైలకు కొదవ లేదు, కౌంటరులో చెయ్యి అటే పోతుంది. వెంటనే సరిచేయించుకోండి, ఏడాది తర్వాత అడిగితే తిప్పుతారు.

అన్నట్టు, డెస్క్ గారు 249 జీఎస్టీ అన్నారు కదా, చాలామంది తికమకపడేది అక్కడే. లక్ష వరకు మార్పిడి మొత్తంలో 1 శాతం (కనీసం 250), లక్ష నుంచి 10 లక్షల వరకు 1,000తో పాటు లక్ష దాటినదానిపై అర శాతం, ఆ పైన 5,500తో పాటు 10 లక్షలు దాటినదానిపై 0.1 శాతం (గరిష్ఠం 60,000). ఇది పన్ను కాదు, పన్ను వేయడానికి లెక్కగట్టే విలువ. దీనిపై 18 శాతం. పై ఉదాహరణలో విలువ 1,382, పన్ను 249. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళు జీఎస్టీ నంబరును (జీఎస్టీఐఎన్) బ్యాంకులో నమోదు చేయిస్తే ఆ పన్ను 2బీలో (మనం కట్టిన జీఎస్టీ జాబితా) కనబడుతుంది, ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీపత్రం) మీద ఎగుమతి చేసేవాళ్ళు రిఫండ్ అడగొచ్చు.

ఇంకొకటి. 44ఏడీఏ అని అందరికీ అలవాటైన ప్రిజంప్టివ్ పద్ధతిలో ఉంటే వాలెట్ తీసుకున్న 4.4 శాతాన్ని విడిగా ఖర్చు కింద చూపలేరు, రాబడిలో సగం లాభమనీ, ఖర్చులన్నీ మిగతా 50 శాతంలోనే కలిసిపోయినట్టనీ అందులో లెక్క. ఖాతాలో పడినదాన్నే రాబడిగా చూపేవాళ్ళున్నారు. తప్పు. చూపాల్సింది బిల్లు మొత్తం.

కొండాపూర్_ఎస్ఈఓ:
ఈఈఎఫ్‌సీ ఖాతా మాటే ఎవరూ ఎత్తలేదు. డాలర్లు డాలర్లుగానే పెట్టుకుని రేటు బాగున్న రోజు మార్చుకుంటే ఈ 1 శాతం తేడా దానికదే పూడిపోతుంది. వాలెట్‌లో ఆ వీలే లేదు, పేపాల్ ఇండియా ఖాతాలోకి వచ్చింది వచ్చినట్టే రూపాయలై బ్యాంకుకు పోతుంది.

డెస్క్_రేటు:
రాబడిలో 100 శాతం అందులో వేసుకోవచ్చు, నిజమే. కానీ అది వడ్డీ రాని కరెంటు ఖాతా. ఈ నెల వచ్చిన డాలర్లను, వేరే అనుమతించిన అవసరం లేకపోతే, వచ్చే నెలాఖరులోగా మార్చాల్సిందే. ఆ వ్యవధిలో రేటు మనవైపే వస్తుందని ఎవరు పూచీ? పైగా మార్చే రోజున ఇచ్చేది మళ్ళీ అదే టీటీ బయింగ్ రేటు, తేడా ఎక్కడికీ పోదు. విదేశీ సబ్‌కాంట్రాక్టరుకు పెద్ద మొత్తాలు కట్టేవాళ్ళకు మాత్రం బంగారం లాంటి ఖాతా, రెండుసార్లు మార్పిడి తప్పుతుంది. 20 డాలర్ల హోస్టింగ్ బిల్లుకు అందులోంచి వైర్ పంపితే చార్జీయే బిల్లును మించిపోతుంది.

రూపాయి_పక్షం:
సరే, డాలర్లలోనే వేస్తాం. ఆ మధ్యవర్తి బ్యాంకు 20 డాలర్లు ఎందుకివ్వాలి? "చార్జీలు క్లయింటువే" అని ఇన్వాయిస్‌లో రాస్తే చాలదా?

డెస్క్_రేటు:
రాస్తే చాలదు, వైర్ ఫారంలో పడాలి. బ్యాంకుల సందేశంలో చార్జీలు ఎవరివో చెప్పే గడి (పాత రూపంలో 71ఏ) ఉంటుంది: అవర్ అంటే ఖర్చు పంపేవాడిది, షా అంటే పంపే బ్యాంకు చార్జీ అతనిది, మిగతాది మనది, బెన్ అంటే మొత్తం మనదే. క్లయింటు ఏదీ ఎంచకపోతే సాధారణంగా షా పడుతుంది. అవర్ పెట్టినా డబ్బు తగ్గి వస్తే బ్యాంకును ఎంటీ103 (ఆ చెల్లింపు సందేశం) నకలు అడగండి (2025 నవంబరు నుంచి పాక్స్.008 రూపంలోకి మారింది, పాత పేరు చెప్పినా అర్థం చేసుకుంటారు). పాత గడుల పేర్లతో చెప్పాలంటే, 33బీలో (పంపమన్న మొత్తం) 2,000, 32ఏలో (చేతులు మారిన మొత్తం) 1,980 ఉంటే కోత దారిలో పడింది, మీ బ్రాంచి మేనేజరుతో వాదించి లాభం లేదు. దారిలో కోసుకున్న చార్జీ 71ఎఫ్‌లో కనబడితే, అది క్లయింటుకు పంపండి.

మణికొండ_యూఐ:
చివరిగా ఒకటి. ఆ 1 శాతం తేడాను బేరమాడొచ్చా? ఎలా?

డెస్క్_రేటు:
ఆడొచ్చు. వైర్ చేరకముందే ఆడాలి. వీధి చివరి బ్రాంచిలో మారక ద్రవ్య డెస్కు ఉండదు, మీ ఖాతా ఏ ఫారెక్స్ బ్రాంచికి ముడిపడి ఉందో కనుక్కోండి. క్లయింటు పంపగానే యూఈటీఆర్ నంబరు (వైర్ ఎక్కడుందో చూసే ట్రాకింగ్ నంబరు) తీసుకుని ఆ డెస్కుకు మెయిల్ పెట్టండి: మొత్తం, పర్పస్ కోడ్, ఇన్వాయిస్ జత, "ట్రెజరీ రేటు చెప్పేదాకా మార్చవద్దు" అన్న వాక్యం. ఈ డిస్పోజల్ ఇన్‌స్ట్రక్షన్ లేకపోతే చాలాచోట్ల కార్డు రేటుకు (ఆ రోజుకు బ్యాంకు అందరికీ ప్రకటించిన రేటు) మార్చేస్తారు. ఒక్క 2,000కి పెద్దగా కదలరు, 10,000 పైన అయితే తేడా సగానికి దిగడం చూడొచ్చు. శుక్రవారం రాత్రి చేరిన డబ్బును శనివారం మార్చమనొద్దు, ఆ రోజు అంతర్‌బ్యాంకు మార్కెట్ ఉండదు కాబట్టి జాగ్రత్తకని రేటు ఇంకా కిందికి దించి ఇస్తారు. సోమవారం మార్కెట్ తెరిచి కాస్త కుదురుకున్నాక అడగండి. చెప్పిన రేటును మెయిల్‌లో రాయించుకుని అప్పటికప్పుడే డీల్ బుక్ చేయించండి. ఫోన్‌లో ఒప్పుకుని వదిలేస్తే ఖాతాలో పడేది కార్డు రేటుకే.