సమస్య: “ఒకటి యొకటి యొకటి యొకటి యొకటి”

నిర్వాహకుడు: నిన్న గుడిలో లడ్డూలు పంచే ఆయన నోట విన్నాను. యతితో సహా కుదిరింది! ఒకటే షరతు, పద్యంలో పెద్ద ప్రధాన సంఖ్య ఉండాలి. లడ్డూలతో పూరిస్తే ఊరుకోను.

లెక్కల మాస్టారు:
రెండె యంకెలున్న రీతిలో వ్రాసిన
సున్న యడుగు పెట్టఁ జోటు లేదు
ముప్పదొకటి చూడు ముచ్చటగా నిట్లు
ఒకటి యొకటి యొకటి యొకటి యొకటి

యతిభంగం: మాస్టారూ, పొద్దున ‘ముప్పదియొకటి’ అని ఉంది, రెండో గణంలో నలం (నాలుగు లఘువులు) పడి గణం తప్పింది. నేను టీ తాగి వచ్చేసరికి ‘ముప్పదొకటి’ అయింది. పోనీలెండి. 31 పెద్ద సంఖ్య ఎప్పుడైందండీ? మా మనవరాలి ఎక్కాల పుస్తకంలో ఉంది.

లెక్కల మాస్టారు: మెలిక అక్కడే ఉంది. సున్నా, ఒకటి రెండే అంకెలుండే కంప్యూటరు లెక్కలో ఐదు ఒకట్లు వరసగా రాస్తే 16+8+4+2+1, అంటే 31. ముప్పయ్యొక్క ఒకట్లు రాస్తే 2147483647, అదీ ప్రధాన సంఖ్యే. 1772లో గణితజ్ఞుడు ఆయిలర్ తేల్చాడు, అప్పటికి ఆయనకు చూపు దాదాపు పోయింది. 2024 అక్టోబరులో దొరికిన, అప్పటికి అన్నిటికన్నా పెద్ద ప్రధాన సంఖ్యకైతే 13,62,79,841 ఒకట్లు కావాలి. నిర్వాహకులు పాదం పొడిగిస్తే నేను రెడీ.

యతిభంగం: ఆయిలర్ తేల్చిన ఆ 2147483647తోనే నా పూరణ.
రెండు, మూడు, నైదు రేపగల్ హెచ్చించి
భాజకముగ దానిఁ బట్టి చూడ
శేషమేమి మిగులు? చెప్పెద వినుమయ్య
ఒకటి యొకటి యొకటి యొకటి యొకటి
గణితజ్ఞుడు ఫెర్మా చెప్పిన సంగతే. 2147483646 రెండ్లను హెచ్చించి 2147483647తో భాగిస్తే శేషం ఒకటి. మూళ్లకూ అంతే, ఐదులకూ అంతే. ‘రేపగల్’ ఉత్త పాదపూరణ అనకండి. సెకనుకొకటి చొప్పున హెచ్చిస్తే 68 ఏళ్లు పడుతుంది. 1970 నుంచి సెకన్లు లెక్కపెడుతున్న పాత కంప్యూటర్ల గడియారం 2038 జనవరి 19న నిండిపోయేది ఈ సంఖ్య దగ్గరే.

గోదారి గాలి: ఆహా! రేపగల్‌కి వీరతాడు. ‘వినుమయ్య’ మాత్రం పాదపూరణే, ఒప్పేసుకోండి.

లెక్కల మాస్టారు: సంఖ్యలు మూడు, శేషాలు ఐదా? మిగతా రెండూ ఎవరి తాలూకు? ‘ఐదు నాల్గు మూడు నారు రెండు’ అని రెండో పాదం పెట్టుకుంటే సరిపోయేది. ఉచితంగా ఇస్తున్నా, తీసుకోండి.

యతిభంగం: సంక్రాంతి సమస్యలో 67 రెండ్లు హెచ్చించి ఒకటి తీసేస్తే ప్రధాన సంఖ్య అని రాసినవారు నాకు లెక్క నేర్పుతున్నారు!

లెక్కల మాస్టారు: 1644లో ఫ్రెంచి గణితజ్ఞుడు మెర్సెన్ అన్నమాటే నేనూ అన్నాను.

గోదారి గాలి: 1903లో కోల్ అనే ఆయన సభలో బోర్డు మీద 193707721ని 761838257287తో హెచ్చించి, సరిగ్గా ఆ సంఖ్యే తెప్పించి, ఒక్క మాటైనా అనకుండా వెళ్లి కూర్చున్నాడట. మీరిద్దరూ ఓసారి అలా ప్రయత్నించకూడదూ?

నిర్వాహకుడు: ‘సున్న యడుగు పెట్టఁ జోటు లేదు’కే నా ఓటు. యతిభంగం గారూ, మాస్టారి పాదం తీసుకుంటే మీ ‘భాజకముగ’ ఎక్కడికి పోతుంది? రేపు సాయంత్రంలోగా సర్ది పెట్టండి.